ఇంజనుకు చోటు

“ఆ ఇంజను ఈ ఇంటికొస్తే నేను ఈ ఇంట్లో ఉండను.”

కుప్పయ్య గొంతు పెంచలేదు. కొడుకు వైపు చూడనూ లేదు. చెప్పాల్సింది చెప్పి, పంచలో గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు.

జనరేటరు కొనుక్కురావడానికి బయల్దేరిన జోయల్ ఆటో తాళాలు చేతిలో పట్టుకుని వాకిట్లో తడుస్తూ నిలబడ్డాడు. రాత్రంతా ఊగించిన గాలి తెల్లవారేసరికి తగ్గింది గాని తుంపర ఆగలేదు. కాలవ పక్కన కరెంటు స్తంభాలు వరసగా పడి ఉన్నాయి. పొద్దున్నే వచ్చిన లైన్‌మాన్ వాటి చుట్టూ ఒకసారి తిరిగి, “రేపటికి గూడా కరెంటొస్తాదని సెప్పలేమప్పా” అని వెళ్లిపోయాడు. వడమాలపేట చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా అదే పరిస్థితి.

“ఏంటికి వద్దో సెప్పు నాయనా. ఊరికే వద్దంటే ఎట్లా?”

కుప్పయ్య తల అడ్డంగా ఊపాడు.

“సప్పుడు సేస్తాదనా?”

పలకలేదు.

“పెట్రోలు దండగనా? ఏదో ఒగటి సెప్పు.”

తండ్రి తువ్వాలు సర్దుకున్నాడు. వాన నీళ్లు చూరు నుంచి కారి, ఆయన కాళ్ల ముందు మట్టిలో గుంటలు చేస్తున్నాయి. ఆయన ఆ గుంటలనే చూస్తున్నాడు.

లోపలి గదిలో కృపామణి మొగుడి మాటలూ, మామ మౌనమూ రెండూ వింటోంది. చేతులు మాత్రం ఖాళీగా లేవు. గుడ్లు పొదిగే మిషను చుట్టూ దుప్పట్లు చుట్టింది. అత్త తాయమ్మ పొయ్యి మీద నీళ్లు కాచి సీసాల్లో పోసి తెస్తుంటే, చల్లారిన సీసాలు తీసి వేడివి పెడుతోంది. ట్రంకుపెట్టె అంత ఉంటుంది ఆ మిషను. పైన అద్దం మూత, ముందు వైపు ఇంకో అద్దం. లోపల వేడికి ఒక కాయిలు, గాలి తిప్పడానికి ఒక చిన్న ఫ్యాను, వేడి ఎంత ఉందో చూపించే చిన్న బోర్డు. కరెంటు లేకపోతే అది ఉత్త పెట్టె.

అందులోని గుడ్లు ఒక్క ఇంటివి కావు. ఎండాకాలంలో తెగులు వచ్చి ఊళ్లో నాటుకోళ్లన్నీ రాలిపోయాయి. మిగిలినవి కొద్దిపాటి పెట్టలు. వాటి గుడ్లను కూరకు వాడకుండా, సంతకు పంపకుండా, ఆడవాళ్లు ఒక్కొక్కరే పైటచెంగులో పెట్టుకొచ్చి కృపామణికి ఇచ్చారు. “పిల్లలొస్తే సగం మాకియ్యి. రాకుంటే నిన్నేమీ అనం లే” అన్నారు. ఆ చివరి మాటే ఆమెను కూర్చోనివ్వడం లేదు. తిట్టేవాళ్లయితే తట్టుకునేది.

పిల్లలు బయటపడాల్సిన గడువు ఇవాళో రేపో అన్నట్టుంది.

“పెట్ట రెక్కల కింద పెట్టుంటే ఈ అగసాట్లు ఉండునా?” అంది తాయమ్మ, సీసా అందిస్తూ. ఆ మిషను ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమెది అదే మాట. ప్రాణం లేని పెట్టె ప్రాణాన్ని ఎట్లా పుట్టిస్తుందని.

“పొదుగుకొచ్చిన పెట్ట యాడుండాది అత్తా, ఊళ్లో?”

తాయమ్మ తనే ఇంకో సీసా తీసుకుంది. మిషను పక్కన పెట్టడానికి వంగింది. వంగినది వంగినట్టే ఆగిపోయింది.

“ఏమైంది?”

“ఊరుకో.”

కృపామణి ఊరుకుంది. మామూలుగా ఆ గదిలో ఎప్పుడూ ఫ్యాను హోరు ఉండేది. నిన్న సాయంత్రం నుంచి అది లేదు. చూరు నీళ్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

తాయమ్మ తల పక్కకు తిప్పి, చెవిని మెల్లగా అద్దానికి ఆనించింది. ఆమె ముఖంలో ఏదో మారింది.

“మాట్లాడతా ఉండాయి,” అంది.

కృపామణి కూడా వంగి చెవి పెట్టింది. మొదట తన గుండె చప్పుడే వినిపించింది. ఆ తర్వాత గోటితో బట్ట మీద గీసినట్టు ఒక చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి, దారపు పోగంత సన్నగా, కీచుమని ఒక పిలుపు.

పగలని గుడ్డు. పుట్టని పిల్ల. లోపలి నుంచి పిలుస్తోంది.

తాయమ్మ గొంతు లోపల నుంచి ఒక శబ్దం తీసింది. కుర్ర్, కుర్ర్, కుర్ర్. పిల్లల్ని వెంటేసుకుని దొడ్లో తిరిగే పెట్ట చేసే శబ్దం. చిన్నప్పటి నుంచి వింటున్నదే, కానీ తన నోటితో ఎప్పుడూ అనలేదు.

లోపల ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు ఒక మూల నుంచి ఒకటి పలికింది. దాని పక్కన ఇంకొకటి. ఆ తర్వాత ఎన్ని పలికాయో, ఏ గుడ్డు ఏది పలికిందో తెలియకుండా, పెట్టెంతా సన్నని పిలుపులతో నిండిపోయింది.

తాయమ్మ నేల మీద చతికిలబడింది.

“నన్ను తల్లనుకున్నాయి కృపా,” అంది మెల్లగా. “నన్ను.”

కృపామణి కళ్లు తుడుచుకుని, వాకిట్లోకి వచ్చింది. చెప్పులు వేసుకుంది.

“పా. నేనూ వస్తా,” అంది జోయల్‌తో.

“నాయన వద్దంటా ఉండాడు గదా.”

ఆమె మామ ఎదుట నిలబడింది. “మామా, లోపల అవి పిలస్తా ఉండాయి. పోయి విను. విన్నంక గూడా వద్దంటే, తెచ్చిన ఇంజను తిరిగిచ్చేసి వస్తా.”

కుప్పయ్య తల ఎత్తి కోడలిని చూశాడు. లోపలికి వెళ్లలేదు. కానీ అడ్డమూ చెప్పలేదు.

*

తిరుపతిలో షాపు ముందు రోడ్డు వరకు జనం ఉన్నారు. చంద్రగిరి వైపు నుంచి కొందరు, పుత్తూరు వైపు నుంచి కొందరు. అందరి ఇళ్లలోనూ చీకటే. పేవ్‌మెంటు మీద జనరేటర్లు వరసగా పెట్టారు. ఒకటి ఆపగానే ఇంకొకటి మొదలుపెట్టి చూపిస్తున్నారు. మాట వినపడాలంటే చెవి దగ్గర అరవాలి.

వెళ్లగానే జోయల్ చూపు చక్రాల మీద నిలబడిన పెద్ద ఇంజను మీద పడింది.

“ఇదుంటే ఫ్రిజ్జు, మిక్సీ, టీవీ అన్నీ ఆడతాయి. రేపు బోరు మోటారుకి గూడా పనికొస్తాది.”

“బోరు మోటారు దీంతో కాదు సార్,” అన్నాడు షాపులో పనిచేసే మునికుమార్. నడివయసు మనిషి, పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు పోయింది. “మోటారు లేచేటప్పుడు మామూలుగా తినేదాని కన్నా రెండు మూడింతలు లాగుతుంది. ఇది గుక్క తిప్పుకోలేదు. ముందు మీరు దేనికి పెట్టాలనుకుంటున్నారో చెప్పండి.”

“గుడ్లు పొదిగే మిషనుకి,” అంది కృపామణి. “దాంతో ఒక బల్బు, రెండు ఫోన్లు. అంతే.”

“అంతేనా?” జోయల్ ఆమె వైపు తిరిగాడు. “ఇంత దూరం వచ్చి అంతేనా?”

“పోయినసారి కరెంటు ఎక్కువై నా మిషన్లో బోర్డు కాలిపోయిందన్నా,” అంది ఆమె, మొగుడికి జవాబు ఇవ్వకుండా మునికుమార్‌తోనే. “దీంట్లో కరెంటు నిలకడగా వస్తాదా?”

మునికుమార్ ఒక్క నిమిషం ఆమెను చూశాడు. లోపలికి వెళ్లి, సూట్‌కేసులా పైన పిడి ఉన్న చిన్న జనరేటరు తెచ్చి నేల మీద పెట్టాడు. “చిన్న బోర్డులున్న సామానుకు ఇదే మంచిదమ్మా. కరెంటు ఎగిరిపడదు. చప్పుడు తక్కువ. ట్యాంకు చిన్నది, అందుకని మధ్యమధ్యలో ఆపి, చల్లారనిచ్చి, పెట్రోలు పోసుకోవాలి. ఇదొక్కటే మిగిలింది.”

“టిఫిన్ డబ్బా మాదిరుండాది,” అన్నాడు జోయల్. “ఊళ్లో నగుతారు.”

“నగనీ.”

“ఒకసారి కొంటే పదేండ్లుండాల గదా. రేపు ఇంకోటి కావాలంటే?”

“నువ్వు తెల్లారకముందే కూరగాయల లోడుతో మార్కెట్టుకి పోతావు. నువ్వు లేనప్పుడు కరెంటు పోతే దాన్ని కదిలించేది ఎవురు? స్టార్టు చేసేదానికి తాడు లాగేది ఎవురు?”

“నాయన లేడా?”

ఆ మాట అన్నాక, నాయన దాన్ని ముట్టనే ముట్టడని జోయల్‌కే గుర్తొచ్చింది.

“ఇంట్లో మొగోణ్ణి నేనుండంగా,” అన్నాడు చివరికి, ఆమె చెవి దగ్గరికి వంగి.

“ఉండావు. నువ్వుండేటప్పుడే కరెంటు పోవాలని రూలేమన్నా ఉండాదా?”

పక్కన నిలబడిన ఎవరో నవ్వారు. జోయల్ ముఖం ముడుచుకుంది.

కృపామణి పైట నడుముకు దోపుకుని పెద్ద ఇంజను దగ్గరికే ముందు వెళ్లింది. మునికుమార్ ఎట్లా నిలబడాలో చూపించాడు. ఆమె తాడు లాగింది. అది సగంలో ఆగి, ఆమె చేతినే వెనక్కి గుంజింది. ఆమె మణికట్టు రుద్దుకుంది. మళ్లీ లాగింది. ఇంజను కదలలేదు.

అప్పుడు చిన్నదాని దగ్గర మోకాలు ఆనించింది. మొదటిసారి బుస్సుమంది. రెండోసారి కూడా అంతే. జనం చూస్తున్నారు. మూడోసారి ఆమె ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు గుంజింది. ఇంజను అందుకుంది. పైన తగిలించిన బల్బు వెలిగింది.

ఆ వెలుగు ఆమె ముఖం మీద పడింది. గాలికీ, వానకీ, ఊరంతటి చీకటికీ జవాబుగా, తన చేతి ఊపులోంచి ఒక దీపం పుట్టింది. ఆమె దానిని అట్లాగే చూస్తూ ఉండిపోయింది. జోయల్ బల్బును చూడలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో రోజూ చూసే ఆ చేతిని, దాని మీద లేచిన నరాన్ని చూశాడు.

“ఇదే కట్టెయ్ అన్నా,” అన్నాడు మునికుమార్‌తో.

“వైరు ఎంత పొడుగు కావాలి?” మునికుమార్ అడిగాడు. “ఇంజను బయట పెట్టాలి గదా. సన్నవైరు ఇస్తే వేడెక్కుతుంది, లావుది ఇస్తాను.”

“పొడుగ్గానే ఇయ్యన్నా,” అంది కృపామణి. ఎందుకో ఆమెకే తెలియదు. “ఎంతుంటే అంత.”

*

వాళ్లు ఇల్లు చేరేసరికి వాన మళ్లీ ఎక్కువైంది. మధ్యాహ్నమే మసకగా ఉంది.

జోయల్ ఇంజనును సంచితో కప్పి రెండు చేతులా పట్టుకుని పరుగున పంచలోకి వచ్చాడు. “బయట పెడితే తడిసి మొదటిరోజే పాడైపోతాది. వంటింట్లో పెడదాం. కిటికీ తీసిపెడితే సాలు.”

“బయటనే పెట్టాలని సెప్పినాడు షాపాయన,” అంది కృపామణి.

“ఈ వానలోనా?”

అతను గడప మీద కాలు పెట్టాడు. కుప్పయ్య లేచాడు. ఇంత వేగంగా ఆయన లేవడం ఇద్దరూ ఎప్పుడూ చూడలేదు. తలుపు చట్రానికి రెండు పక్కలా రెండు చేతులు ఆనించి నిలబడ్డాడు.

“దించు,” అన్నాడు.

“నాయనా, తడిసిపోతాది.”

“దించు అంటా ఉండా గదా. మీ సిన్నాయన్ని ఇట్లాంటిదే తినేసింది.”

జోయల్ ఇంజనును కింద పెట్టాడు.

“గోవిందు సిన్నాయనా? జరమొచ్చి పోయినాడని గదా సెప్పినారు.”

“మీ అవ్వకి అట్లా సెప్పినాం. ఆమె ఉన్నన్నాళ్లు అదే మాట మీద ఉన్నాం. పోయినంక విప్పి సెప్పే పని పడలా.”

లోపలి నుంచి తాయమ్మ వచ్చి తలుపు వెనక నిలబడింది. ఆమెకు ఈ సంగతి తెలుసునని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

“లైట్లు, మైకుసెట్లు పెట్టేవాళ్ల దగ్గిర పని సేసేవాడు,” అన్నాడు కుప్పయ్య. “ఒక పెండ్లికాడ ఇట్లనే వాన. ఇంజను తడస్తాదని వెనకాల గదిలోకి తెచ్చుకున్నాడు. సప్పుడుకి సుట్టాలు నిద్రపోలేరని తలుపేసినాడు. దాని పక్కనే సాప పరుసుకున్నాడు. పొద్దున నేను పోతే లైట్లు ఎలగతానే ఉండాయి. వాడు పడుకోనుండాడు. ఒంటిమీద గాయం లేదు. మొకం ఎర్రగా, బాగా నిద్రపోయేటోని మాదిరి. లేయ్ రా, టీ తాగొద్దాం అని తట్టినా.”

ఆయన చేతులు తలుపు చట్రం మీది నుంచి జారాయి.

“పొగ కాదంట వాణ్ణి సంపింది. ఆ పొగలో ఇంకోటి ఉంటాదంట. దానికి వాసన లేదు, రంగు లేదు. దగ్గు గూడా రాదు. వాడికి తెలిసే తెలీదు.”

జోయల్ తాను పట్టుకొచ్చిన దాని వైపు చూసి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

“తిరిగిచ్చేసి వస్తా నాయనా,” అన్నాడు.

కృపామణి ఆ మాట పట్టించుకోలేదు. మామ దగ్గరికి వచ్చింది.

“మామా, ఈ ఇంట్లో దీని సంగతి తెలిసినోడివి నువ్వొక్కడివే. యాడ పెట్టల్లో నువ్వే సూపించు. నువ్వు యాడా వద్దంటే, యాడా వద్దు.”

కుప్పయ్య కోడలు వాదిస్తుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఇది అనుకోలేదు. ఆయన లోపలికి తిరిగి, దుప్పట్లు కప్పిన మిషను వైపు చూశాడు. వాళ్లు తిరుపతిలో ఉన్నప్పుడు ఆయన దాని దగ్గరికి వెళ్లాడో లేదో కృపామణి అడగలేదు. తాయమ్మ చెప్పలేదు. కానీ అద్దం మీద దుప్పటి ఒక పక్క తొలగించి ఉంది, ఒక తల ఆనించేంత మేర.

ఆయన పొయ్యి దగ్గరికి వెళ్లాడు. రగులుతున్న కొబ్బరిపీచు ముద్దను ఒక పాత రేకు మీద వేసుకుని, పైన గొడుగు పట్టుకుని, వాకిట్లోకి దిగాడు.

పొగ లేచింది. పంచ పక్కన నిలబడితే అది వంగి కిటికీలోకి దూరింది. ఆయన తల అడ్డంగా ఊపి ముందుకు నడిచాడు. ఇంటి పక్క సందులో పొగ ఎటూ పోకుండా గోడల మధ్య తిరుగుతూ నిలిచిపోయింది. దానిని చూస్తూ ఆయన చాలాసేపు నిలబడ్డాడు. గొడ్లపాక దగ్గర అది పాకలోకే పోయింది. ఆవు తల విదిలించింది.

ముగ్గురూ వానలో ఆయన వెనకే నడుస్తున్నారు. ఎన్నో ఏళ్లుగా ఉంటున్న ఇంటి చుట్టూ గాలికి ఇన్ని దారులున్నాయని వాళ్లకు ఇప్పుడే కనబడుతోంది. కంటికి కనపడని దానిని ఆ ముసలి మనిషి కళ్ల ముందు పెట్టి నడిపిస్తున్నాడు.

దొడ్డి చివర, చేనుకు దిగే చోట, పొగ ఒక్కసారి తల వంచి, ఇంటికి వీపు తిప్పి, తడిసిన వేరుశనగ చేల మీదుగా సాగిపోయింది. ఆయన రేకును అటూ ఇటూ తిప్పాడు. కాసేపు ఆగి మళ్లీ చూశాడు. పొగ మనసు మార్చుకోలేదు.

“ఈడ,” అన్నాడు.

జోయల్ నాలుగు గుంజలు పాతి, పైన రేకులు కట్టాడు. నాలుగు పక్కలా ఖాళీగా వదిలేశాడు. షాపులో తెచ్చిన వైరు దొడ్డి దాటి, గొడ్లపాక పక్కగా, వంటింటి గోడ మీదుగా, మిషను దాకా సరిగ్గా అందింది. కృపామణి మోకాలు ఆనించి తాడు లాగింది.

లోపల మిషనులో ఎర్రదీపం వెలిగింది. చిన్న ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది.

కుప్పయ్య ఇంజనుకు గాలి వచ్చే వైపు, కాస్త దూరంగా, గోనెసంచి కప్పుకుని కూర్చున్నాడు. “తలుపులు, కిటికీలు అన్నీ తీసిపెట్టుకోండి. నేను ఈడనే ఉంటా.”

*

పొద్దు వాలుతుండగా తాయమ్మ మొదట చూసింది.

నడిమి వరుసలో ఒక గుడ్డు మీద నక్షత్రంలా ఒక చిన్న బీట. అది చూస్తుండగానే లేచింది. పెంకు ముక్క పైకి నెట్టుకుని ఒక ముక్కు కొన బయటికి వచ్చి ఆగింది. మళ్లీ లోపలికి పోయింది.

దొడ్డి చివర నుంచి కుప్పయ్య కేక వినిపించింది. “ఏమ్మే, బాగుండారా?”

“బాగుండాం,” అని తాయమ్మ అరిచింది. కూర్చున్నప్పటి నుంచి ఆయన కాసేపటికొకసారి అట్లా అడుగుతూనే ఉన్నాడు. ఈమె జవాబు చెబుతూనే ఉంది.

బీట గీతగా మారింది. గుడ్డు లోపల ఉన్నది మెల్లగా తిరుగుతోంది. కొట్టి, ఆగి, అలసట తీర్చుకుని, కాస్త జరిగి, మళ్లీ కొడుతోంది. దానికి ఎవరూ చెప్పలేదు. వెలుగంటే ఏమిటో దానికి తెలియదు. బయట ఏదో ఉందని మాత్రం తెలుసు.

జోయల్ బోర్లా పడుకుని గడ్డం చేతుల మీద పెట్టుకున్నాడు. తాయమ్మ నోటికి పైట అడ్డం పెట్టుకుంది. కృపామణి అద్దం మీద పట్టిన చెమ్మ తుడిచి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఏమ్మే, బాగుండారా?”

ఎవరికీ వినపడలేదు.

గుడ్డు పైభాగం టోపీలా లేచింది. తడిసిన ఒక రెక్క బయటికి వచ్చింది. రెక్క అనడానికి కూడా లేదు, వేలి కొనంత చర్మం. దాని కింద ఊపిరి ఆడుతోంది. ఎగసి పడుతోంది. ఒళ్లంతా ఆ ఊపిరే అన్నట్టుంది.

“ఏమ్మే.”

ఎవరూ పలకలేదు.

“జోయలూ. కృపా.”

బురదలో పరుగెత్తుతున్న అడుగులు, దేనికో తగిలి బకెట్టు దొర్లిన చప్పుడు. కుప్పయ్య గదిలోకి వచ్చి పడ్డాడు. మసక వెలుతురులో ముగ్గురు మనుషులు కదలకుండా ఉన్నారు. కింద పడుకుని ఉన్న కొడుకు భుజాన్ని రెండు చేతులా పట్టి కుదిపాడు.

“లేయ్. లేయ్ రా.”

జోయల్ ఉలిక్కిపడి తిరిగాడు. “నాయనా? ఏమైంది?”

కుప్పయ్య అతని ముఖం తడిమాడు. భార్య తల మీద, కోడలి తల మీద తడిచేయి పెట్టి చూశాడు. ఆయన ఛాతీ పైకీ కిందికీ కొట్టుకుంటోంది.

“పిలిస్తే పలకరేమి,” అన్నాడు.

తాయమ్మ ఆయన చేయి పట్టి లాగి, అద్దం ముందు కూర్చోబెట్టింది.

అప్పుడే గుడ్డు రెండుగా విడిపోయింది. లోపలిది దొర్లి బయటపడింది. తల ఎత్తబోయి, ఎత్తలేక, పెంకు మీదే వాల్చింది. కాళ్లు చాచింది. ప్రపంచంలో అది వేసిన మొదటి అడుగు గాలిలోనే పడింది. తర్వాత నోరు తెరిచి, ఫ్యాను హోరును చీల్చుకుంటూ, గట్టిగా అరిచింది.

కుప్పయ్య చాలాసేపు రెప్ప వేయలేదు.

“ఇట్లనా వచ్చేది?” అన్నాడు. “ఇన్ని కోళ్లు సాకినాం గదమే. ఏ పొద్దన్నా సూసినామా?”

“యాడ సూస్తాం,” అంది తాయమ్మ. “అంతా పెట్ట రెక్కల కిందనే అయిపోతాది. మనకు కనపడేటప్పటికి పిల్ల నడస్తానే ఉంటాది.”

నలుగురూ మళ్లీ ఆ అద్దం మీదికి వంగారు. ఇంకో రెండు గుడ్ల మీద బీటలు కనబడుతున్నాయి. మూలలో ఒకటి కదిలి, పక్కదానిని తాకింది. ఆ ఇంట్లో అంతకు ముందు ఎప్పుడూ నలుగురూ ఒకే వైపు చూస్తూ, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చోలేదు.

ఉన్నట్టుండి ఎర్రదీపం మినుకుమంది.

బయట ఇంజను ఒకసారి దగ్గి, ఆగిపోయింది. ఫ్యాను తిరిగి తిరిగి నిలిచింది. గది చీకటైంది. చీకట్లో పిల్ల అరుపు ఒక్కటే మిగిలింది.

“పెట్రోలు ఇప్పుడే గదా పోసింది,” అన్నాడు జోయల్, చెప్పుల కోసం తడుముతూ.

“నువ్వు సీసాలకు నీళ్లు కాచు. పొయ్యి రాజెయ్యి,” అంది కృపామణి. “నేను సూస్తా.”

కానీ ఆమె కన్నా ముందే కుప్పయ్య వెళ్లిపోయాడు. ఆమె ఫోన్ లైటు వేసుకుని దొడ్లోకి పరుగెత్తేసరికి, ఆయన ఇంజను ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. నానిన నేలలోకి ఇంజను ఒక పక్క దిగబడి, ఒరిగిపోయి, అందుకే ఆగింది. ఆయన కళ్లం గట్టున ఉన్న నాపరాయి పెకలించి, బురద తుడిచి, దాని కిందికి తోస్తున్నాడు. రాయి సర్దుకున్నాక ఇంజను తిన్నగా నిలబడింది.

ఆమె ముందుకు వచ్చి తాడు కోసం చెయ్యి చాచింది. పొద్దున పెద్ద ఇంజను గుంజిన మణికట్టు వాచిపోయి, వేళ్లు ముడుచుకోవడం లేదు. ఒకసారి లాగింది. బుస్సుమంది. రెండోసారి తాడు చేతిలోంచే జారిపోయింది.

ఇంట్లోంచి తాయమ్మ గొంతు వినిపించింది. “కృపా, సల్లబడతా ఉండాది. ఇంకోటి సగంలో ఆగిపోయింది.”

కుప్పయ్య ఆ ఇంజనును చూశాడు. దాని పొగ వచ్చే గొట్టాన్ని చూశాడు. ఇంటి వైపు తిరిగి, తెరిచి ఉన్న తలుపులన్నింటినీ ఒక్కొక్కటే చూసుకున్నాడు.

ఆ తర్వాత గోనెసంచి భుజం మీది నుంచి తీసేసి, కోడలి చేతిలోంచి తాడు పిడి తీసుకున్నాడు.

“ఎట్లా లాగల్లో సెప్పు పాపా,” అన్నాడు.